ఖుర్సీపార్ బాలసదనం తాళాలు

మధ్యప్రదేశ్, దుర్గ్ జిల్లా, భిలాయి, ఖుర్సీపార్ కాపురస్తురాలు, కీర్తిశేషులు ముద్దాడ గణపతిరావు గారి భార్య ముద్దాడ కన్నమ్మ అను నేను, ఒంట్లో షుగరూ మోకాళ్ళ నొప్పీ తప్ప బుద్ధిలో ఏ లోపమూ లేకుండా, ఎవరి బలవంతమూ బెదిరింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బతిమాలిన వాళ్ళు మాత్రం ఉన్నారు. బతిమాలడం బలవంతం కిందికి రాదని వకీలు ఇందుమతి గారు చెప్పారు. ఆవిడ చెప్పారంటే నిజమే అయి ఉంటుంది. ఈ ఇంట్లో ఇప్పుడు ఏదైనా ఆవిడ చెబితేనే నిజం.

దుర్గ్ కచేరీ దగ్గర దస్తావేజులు రాసే ఆయన హిందీలో రాసిస్తానన్నాడు. నేను సంతకం పెట్టే కాగితం నేను చదువుకోగలగాలి. అందుకని తెలుగులో రాస్తున్నాను. దీనికి ముందు నేను వీలునామా రాయలేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగది.

1. ఖుర్సీపార్‌లో నేను కాపురముంటున్న డాబా ఇల్లు, వెనక దొడ్డి, నుయ్యి, మేడ మీది గదితో సహా నా సొంతం. నా భర్త స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో పని చేసి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొని, నా పేర రిజిస్టరు చేయించారు. మాకు పిల్లలు పుట్టలేదు. అందుకని ఆ ఇంట్లో శ్రీ కోదండరామ భజన సమాజం వారి బాలసదనం పెట్టించాం. అమ్మానాన్నా లేని ఆడపిల్లలూ, ఉండి కూడా చూసుకోలేని వాళ్ళ ఆడపిల్లలూ ఇక్కడ పెరుగుతారు. ఇల్లు వాడుకోమని ఇచ్చామే గాని సమాజానికి రాసివ్వలేదు. ఆ రాసివ్వకపోవడం వల్లే అధ్యక్షులు ధర్మారావు గారు ఈమధ్య రోజూ పొద్దున్నే సెక్టర్ 4 నుంచి వచ్చి నా ఆరోగ్యం కనుక్కుని వెళుతున్నారు. నా భర్త పోయిన ఏడాది కూడా ఇంత ఆపేక్ష చూపించలేదు.

2. నా తమ్ముడు గొర్లె బంగార్రాజుకి మా అమ్మ ఇత్తడి కాగు ఇస్తున్నాను. అది తప్ప నా ఆస్తిలో అతనికి గది గాని, అరుగు గాని, వాకిలి గాని, నడిచే దారి గాని ఏ హక్కూ లేదు. వాడిని చిన్నప్పుడు చంక దించకుండా పెంచింది నేను. భిలాయి రప్పించి పనిలో పెట్టించింది మా ఆయన. గొంతు బాగుంటుందని సదనం పిల్లలకి భజనలు నేర్పే పని ఇచ్చింది కూడా మేమే. పాట తప్పిన పిల్లని వాడు సామాన్ల గదిలో పెట్టి తాళం వేసేవాడు. అన్నం వేళ దాటిపోయేది. ప్రసాదాలు చేయడానికి గుడికి వెళ్ళింది అని నాకు చెప్పేవాడు. బెల్టుతో అరికాళ్ళ మీద కొట్టేవాడు. శనివారం శనివారం అందరికీ తలంటు పోసి, వీపు రుద్ది, సాంబ్రాణి పొగ వేసే నేను అరికాళ్ళు చూడలేదు. అరికాళ్ళు ఎవరు చూస్తారు? ఆ సంగతి వాడికి తెలుసు. వాడి మీద కేసు నడుస్తోంది, బెయిలు మీద ఉన్నాడు, సదనంలోకి రాకూడదని కోర్టు ఆర్డరు. కాళ్ళ మీద పడి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఇల్లు మాత్రం ఇవ్వను.

3. తమ్ముడి కూతురు హేమమాలినికి నా మెడలో రెండుపేటల గొలుసు. తండ్రి చేసిన దానికి ఆ పిల్ల ఏం చేస్తుంది. గొలుసు పెళ్ళికని దాచవద్దు, చేతికందిన రోజు నుంచే వేసుకోవాలి. తండ్రి అడిగితే ఇవ్వకూడదు.

4. ఇక ఇందుమతి గారి సంగతి. ఇది కాస్త పెద్ద క్లాజు, ఓపిక చేసుకుని చదవాలి.

బడిలో పంతులమ్మ ఒక పిల్ల కుంటడం చూసి ఫిర్యాదు చేస్తే, కోర్టు వారు ఈవిడని సదనం చూసి రమ్మని పంపారు. తెలుగువాళ్ళ పిల్లే గాని ఇక్కడే పుట్టింది, తెలుగు మాట్లాడితే సగం హిందీ, చదవడం అసలు రాదు. స్కూటరు మీద వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడవాలని కూడా తెలియదు. మేడ మీద గదిలో ఒక్కొక్క పిల్లనీ విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. నేను కాఫీ పట్టుకెళితే తలుపు దగ్గరే అందుకుని మళ్ళీ తలుపు వేసేసింది. నా ఇంట్లో, నా తలుపు, నా మొహం మీద!

ఆ రోజు రోహిణి అరికాళ్ళు పైకెత్తి చూపించింది. మూడేళ్ళ పిల్లప్పుడు ఖుర్సీపార్ మార్కెట్లో తప్పిపోయి దొరికిన రోహిణి. నా పక్కలో తప్ప నిద్రపోని రోహిణి. జ్వరమొస్తే నా చీర కొంగు పట్టుకు వదలని రోహిణి. నాకు చూపించని కాళ్ళు, ఆ పూటే మొహం చూసిన మనిషికి చూపించింది. అమ్మకి ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగిందట. దానికి ఆ పిల్ల హిందీలో చెప్పిన మాట కోర్టు కాగితాల్లో ఉంది: "వో అమ్మా కా భాయీ హై. అమ్మా కో కైసే బోలూఁ." అమ్మ తమ్ముడాయన, అమ్మకి ఎలా చెప్పను, అని. దాన్ని పెంచిన భాష తెలుగు. నా మీద సాక్ష్యం చెప్పడానికి హిందీ అక్కరకొచ్చింది.

సదనం తెరిచిన రోజునే నేనొక పద్ధతి పెట్టాను. మన వైపు మనిషిని పేరుతో పిలవం, వరస కలుపుతాం. ఊరు కాని ఊరొచ్చి, వీధి వీధంతా భయ్యా, దీదీ అంటుంటే, మన వరసలు కూడా పోతే మనకి మిగిలేదేమిటి? అందుకని పిల్లలందరికీ నేను అమ్మ, మా ఆయన నాన్నగారు, ధర్మారావు గారు పెదనాన్న, బంగార్రాజు నా తమ్ముడు కాబట్టి మావయ్య. ఎవరూ లేని పిల్లలకి ఒక్క పూటలో ఇంటెడు చుట్టాలు. ప్రేమతో నేర్పాను, ఇప్పుడూ అదే అంటాను. ఇందుమతి గారు కోర్టుకిచ్చిన రిపోర్టులో దీని మీద ఏకంగా ఒక పేరా రాసింది. ఇంటి పెద్దలంతా చుట్టాలే అయిపోతే పిల్ల తన కష్టం ఎవరికి చెప్పుకుంటుంది, చుట్టం కాని మనిషి ఒకరు ఉండి తీరాలి అని. జడ్జిగారు ఆ పేరా ఒప్పుకున్నారు. తనని దీదీ అని కూడా పిలవనివ్వదు. ఇందుమతీ జీ అనాలి, అంతే.

అప్పటి నుంచి ఆవిడ చెప్పాపెట్టకుండా ఎప్పుడైనా రావచ్చు. ఏ గదైనా తీయవచ్చు. ప్రతి గది తాళానికీ నకలు చేయించి ఆవిడకిచ్చారు. నేను నా బొడ్డులో దోపుకు తిరిగిన గుత్తికి, స్కూటరు డిక్కీలో జోడు! ఆ స్కూటరు చప్పుడు వింటే చాలు, నేను జడ వేస్తున్న పిల్ల సగం జడతో లేచి పరిగెడుతుంది. పోనీ ఏమైనా తెస్తుందా అంటే ఒక్క చాక్లెట్టు తేదు. ఒట్టి చేతులతో వస్తుంది. దువ్వెన చేత్తో పట్టుకుని నేను అలా కూర్చుండిపోతాను. నాకు కుళ్ళే. వీలునామాలో అబద్ధం రాయకూడదు గనక రాస్తున్నాను, ఆవిడని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అయినా నా తదనంతరం ఈ వీలునామా అమలు జరిపే అధికారం అడ్వొకేటు ఇందుమతి గారికే ఇస్తున్నాను. నకలు తాళాలు ఆవిడ దగ్గర ఉండనే ఉన్నాయి. నా అసలు గుత్తి కూడా ఆవిడకే ఇవ్వాలి.

5. ఇల్లు. నా తదనంతరం పై ఇల్లు బాలసదనానికి, ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి మాత్రమే చెందుతుంది. భజన సమాజం వారు ఈ కింది షరతులకు లోబడి దాన్ని నడుపుకోవచ్చు. కోర్టు వారు ఒప్పిన పర్యవేక్షకులు ఒకరు ఎప్పుడూ ఉండాలి. ఆ మనిషి సమాజంలో ఎవరికీ చుట్టం కాకూడదు, పిల్లలు ఏ వరసా పెట్టి పిలవకూడదు, పిల్లలతో విడిగా మాట్లాడేటప్పుడు తలుపు దగ్గరికి ఎవరూ పోకూడదు. కాఫీ పట్టుకెళ్ళే వాళ్ళతో సహా. సామాన్ల గదికి తలుపు ఉండకూడదు. తలుపు నేను ఇదివరకే పీకించి నీళ్ళ పొయ్యిలో పెట్టించాను, మళ్ళీ పెట్టించకూడదు. బంగార్రాజు గాని, పిల్లల మీద చెయ్యి చేసుకున్న మరెవరు గాని, దేవుడి పేరు చెప్పి అయినా సరే, గుమ్మం తొక్కకూడదు. పిల్లలు ఎవరిని ఏమని పిలవాలో పిల్లల ఇష్టం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుతో సమాజం వారి హక్కు రద్దయి, ఇల్లు కోర్టు వారు నిర్ణయించిన మరో బాలికల సంస్థకి చెందుతుంది.

6. ధర్మారావు గారికి నా భర్త చేతికర్ర, ఈ కింది సంగతులు గుర్తుంచుకోవడానికి. కిందటి శ్రీరామనవమి నాడు నేను వంటింట్లో పానకం కలుపుతున్నాను. ధర్మారావు గారే వెనక తలుపు తీసి, కోర్టు వద్దన్న మనిషిని లోపలికి తెచ్చి హార్మోనియం ముందు కూర్చోబెట్టారు. ఒక్క కీర్తనే కదా, రాముడి పెళ్ళి కదా అన్నారు తరవాత. నేను పోయిన మర్నాడు ఆ తలుపు ఏ కీర్తనా లేకుండానే తెరుచుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. సమాజానికి షరతుల్లేకుండా రాసివ్వమని ఆయన అడుగుతున్నది ఆ తలుపు కోసమే. ఇవ్వను పెదనాన్నగారూ.

7. స్టీలు సామాను. మా ఇంట్లో పేరు చెక్కించని గిన్నె లేదు. పిల్లల కంచాల మీద ఎవరి పేరు వాళ్ళదే, సదనం విడిచి వెళ్ళేటప్పుడు ఎవరి కంచం వాళ్ళు తీసుకెళ్ళాలి. ఇందుమతి గారికి ఇన్నాళ్ళూ పింగాణీ కప్పులోనే కాఫీ ఇచ్చాను. అది పరాయి వాళ్ళకిచ్చే కప్పు, ఆవిడకి ఆ తేడా తెలియదు, నాకు తెలుసు. ఇప్పుడొక స్టీలు గ్లాసు మీద ఆవిడ పేరు చెక్కించి గూట్లో పెట్టాను. అది ఆవిడకి ఇచ్చేయవద్దు. ఇక్కడే ఉండాలి. తాగాలంటే ఆవిడే రావాలి. నెలకి రెండుసార్ల కన్నా తక్కువ వస్తే, గ్లాసు మీద దుమ్ము పడుతోందని కబురు పెట్టండి.

8. రోహిణికి నా కుట్టుమిషను, నా తెలుగు పుస్తకాలన్నీ, నా పట్టెమంచం. ఆ పిల్ల పేరు ఇందులో రాయవచ్చా అని ఆ పిల్లనే అడిగాను. ఆలోచించుకుని, రాయమంది.

కేసు మొదలయ్యాక కూడా పిల్లలందరూ నన్ను అమ్మ అనే పిలుస్తున్నారు, రోహిణి తప్ప. కోర్టు నుంచి వచ్చిన రోజు నుంచి అది నన్ను కన్నమ్మగారూ అంటుంది. నా పక్కలో పడుకోవడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. నా వెనక ఇంటిపేరు నిలిపే వాళ్ళు గాని, కడుపున పుట్టిన వాళ్ళు గాని లేరు. ఆ ఒక్క పిలుపే ఉండేది, అదీ పోయింది. ఇందుమతి గారే పోగొట్టిందనుకున్నాను. రాత్రీ పగలూ అదే అనుకున్నాను.

శ్రీరామనవమి నాడు రోహిణి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "కన్నమ్మగారూ, బంగార్రాజు వచ్చీసేడండి. ఎనక తలుపు ధర్మారావు గారు తీసేరు" అంది. మావయ్య అనలేదు, పెదనాన్న అనలేదు. ఎవరి పేరు వాళ్ళకి పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను గరిటె చేతిలో ఉండగానే వెళ్ళాను. తమ్ముడు నా మొహం చూసి పాట మధ్యలో లేచి పోయాడు. ఆ సాయంత్రం మార్కెట్టుకి వెళ్ళి ఇందుమతి గారికి నేనే ఫోను చేశాను.

9. ఈ వీలునామా ఇందుమతి గారికి చదవడం రాదు కనుక, ఆవిడకి రోహిణి చదివి వినిపించాలి. తెలుగు అక్షరాలు ఆ పిల్లకి నేనే నేర్పాను, ఆవిడ నేర్పలేదు. ఒళ్ళు మండుతుందన్న చోట దాటేయకుండా చదవాలి. అమ్మా అని పిలిచినన్నాళ్ళూ రోహిణి నాకేమీ చెప్పలేదు. గారూ అన్నాక చెప్పింది. ఆ రోజు తలుపు సంగతి ఇందుమతి గారికి తరవాత తెలిసింది. ముందు నాకు చెప్పింది. ఈ చివరి మాట రోహిణి గట్టిగా, ఆవిడకి అర్థమయ్యేదాకా, అవసరమైతే హిందీలో కూడా, చదవాలి.

పైన రాసినదంతా నేను తిరిగి చదువుకుని, సరిపోయిందని ఒప్పుకుని, సాక్షుల ఎదట సంతకం చేశాను.

ఖుర్సీపార్, 1997 జూన్ 8.

(సం) ముద్దాడ కన్నమ్మ

సాక్షులు, మా ఎదుటనే సంతకం చేశారు:
1. (సం) యడ్ల వాసుదేవరావు, రిటైర్డ్ రైల్వే గార్డు, కోహ్కా
2. (సం) పైల నూకరాజు, కిరాణా వ్యాపారం, ఖుర్సీపార్