ఇన్‌చార్జి గుడ్లగూబ మనవి

పిల్లల ఆటల పార్కు సూపరింటెండెంటు గారి సముఖమునకు, మొక్కల విభాగంలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న తోటమాలి వ్రాసుకొను అర్జీ.

విషయం: పదకొండు నెలలుగా నిర్వహిస్తున్న గుడ్లగూబ బాధ్యతల నుండి విముక్తి, కనీసం వచ్చే ఆదివారం ఒక్కరోజు సెలవు కోరుట గురించి.

అయ్యా,

పై విషయము చూసి తమరు కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చదువుతారని ఎరుగుదును. మొదటిసారే సరిగా చదివారు. వివరములు ఈ దిగువ పొందుపరచడమైనది.

1. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం మన పార్కులో 'దొరికిందోచ్' అనే వెతుకులాట నడుస్తున్న సంగతి తమకు విదితమే. గేటు దగ్గర ఒక్కొక్కరికీ పది బొమ్మలు అచ్చువేసిన అట్ట, ఒక ప్లాస్టిక్ మంత్రదండం ఇస్తారు. పార్కులో దాచిన బొమ్మ దగ్గరికి దండం తెస్తే ఆ బొమ్మ కూస్తుంది. అట్ట మీద టిక్కు పెట్టుకోవాలి. పదీ దొరికితే పతకం. ఇందులో ఆరో నంబరు గుడ్లగూబ. నేను రోజూ పనిచేసే పెద్ద చెట్టు కొమ్మ మీద ఉండేది.

2. కిందటేడు గాలివానకు సదరు గుడ్లగూబ కిందపడి రెండు ముక్కలైనది. దాని కడుపులోని కూత యంత్రం మాత్రం చెక్కుచెదరలేదు. ఆటల విభాగం గుమాస్తా వచ్చి, ఆ యంత్రాన్ని నా యూనిఫారం టోపీలో పెట్టి కుట్టించాడు. "రెండు రోజులు సర్దుకో బాబాయ్, కొత్తది వచ్చేస్తుంది. నువ్వెలాగూ ఆ చెట్టు కిందే ఉంటావుగా" అన్నాడు. కుక్క పని గాడిద చేయకూడదని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తికాలేదు.

3. అట్ట మీద గుడ్లగూబ బొమ్మ, ఎదురుగా గుండ్రటి కళ్లజోడుతో నేను. ఇన్ని వేలమంది పిల్లల్లో ఒక్కరైనా ఇది గుడ్లగూబ కాదంటారేమోనని ఆశపడ్డాను. ఒక్కరూ అనలేదు. ఈ విషయమై నాకు కొంత మనస్తాపం కలిగినదని మనవి. ఇంట్లో చెప్పుకుంటే, ముప్పై ఏళ్లుగా తాను చెబితే నమ్మలేదు కదా అని నా భార్య నవ్వినది.

4. టోపీ తీస్తే నెత్తి మాడును. పెట్టుకుంటే కూయును. భోజనం మధ్యలో కూసినది. ఒకసారి మరుగుదొడ్డిలో ఉండగా, ఎవరో తలుపు సందులోంచి దండం దూర్చగా, అక్కడా కూసినది. బయటికి వచ్చేసరికి ఏడుగురు పిల్లలు వరుసలో నిలబడి చప్పట్లు కొట్టారు. అంతటి సన్మానం నాకు ఈ ఉద్యోగంలో మరెన్నడూ జరగలేదు.

5. పిల్లలు వట్టి కూతతో పోరు. తల పూర్తిగా వెనక్కి తిరుగుతుందా, రాత్రంతా ఏం చేస్తావు, ఎలుకల్ని తింటావా అని అడుగుతారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఎలుకలు డాక్టరు మాన్పించాడనీ, మెడ మొన్నటిదాకా తిరిగేదనీ ఇప్పుడు పట్టేసిందనీ చెప్పి పంపుతున్నాను. ఒక పాప ఊడిన పాలపన్ను నా చేతిలో పెట్టి, భద్రంగా దాచమని చెప్పి వెళ్లింది. అది నా పెట్టెలో ఉన్నది. ఏ రిజిస్టరులో ఎక్కించవలెనో సెలవియ్యగలరు.

6. గత నెల మరమ్మతుల సందర్భంలో రంగులవాడు గోధుమరంగు డబ్బా పట్టుకొచ్చి, జాబితాలో 'ఆరో నంబరు, రెండు పూతలు' అని ఉన్నదన్నాడు. ఎంతో బతిమాలితే చెప్పులకు వేసి పోయాడు.

7. అసలు సంగతి ఇది. పొరుగూళ్లో ఉండే మా అమ్మాయి వచ్చే ఆదివారం నా మనవరాలిని మన పార్కుకు తీసుకొస్తున్నది. పిల్లకు ఆరేళ్లు. సాయంత్రం బస్సుకే వెళ్లిపోతారు. దాని వేలు పట్టుకొని ఒకటో నంబరు నుంచి పదో నంబరు దాకా తిరగాలని నా కోరిక. ఇన్నేళ్లలో ఎందరి పిల్లలకో దారి చూపించాను. మా పిల్లను ఒక్కసారీ తిప్పలేదు. అది గుర్తొస్తే నీళ్లు పోసే చెయ్యి ఆగిపోతుంది. సెలవు చీటీ పెట్టుకున్నాను. గుమాస్తా దాని మీద 'ఆట వస్తువులకు సెలవు వర్తించదు' అని రాసి తిప్పి పంపాడు. అయ్యా, నేను వస్తువును కాను. నాకు మోకాళ్ల నొప్పులున్నవి.

8. కొత్త గుడ్లగూబ వచ్చి మూడు వారాలైనది. ఎరువుల స్టోరులో, అట్టపెట్టెలో తలకిందులుగా, తమ సంతకం కోసం ఎదురుచూస్తున్నది. స్టోరు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కనుక రోజూ దాని ముఖం చూస్తున్నాను. నాకన్నా బాగున్నదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను.

కావున తమరు ఈ గోడు చిత్తగించి, కొత్త గుడ్లగూబ కాగితం మీద ఒక్క సంతకం గీకి, ఆదివారంలోగా నన్ను మళ్లీ మనిషిని చేయవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
తోటమాలి
(ఇన్‌చార్జి, ఆరో నంబరు)

తా.క.: ఈ అర్జీని కవరులో పెట్టి తమ ఆఫీసు గుమాస్తా చేతికిచ్చి ఇంటికి వచ్చానో లేదో మనవరాలు ఫోను చేసింది. అందువల్ల పొద్దున్నే పరుగున వచ్చి, కవరు వెనక్కి తీసుకుని, ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను.

"తాతయ్యా, మీ పార్కులో గుడ్లగూబ మాట్లాడుతుందంట. మా క్లాసు పిల్ల దానికి తన పన్ను ఇచ్చి వచ్చిందంట. నాది కూడా ఒకటి ఊగుతోంది. ఆదివారం దాకా అమ్మని ముట్టుకోనివ్వను. దానికే ఇస్తా" అన్నది.

ఆ గుడ్లగూబను నేనేనని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నువ్వు నాతో తిరుగుతావుగా అని అడిగితే, నాకు డ్యూటీ ఉందనీ, ఆరో నంబరు దగ్గర కలుస్తాననీ చెప్పాను. అలిగి ఫోను వాళ్లమ్మకు ఇచ్చేసింది. ఫరవాలేదు.

కనుక పై ఎనిమిది అంశాలూ కొట్టివేయగలరు. సెలవు వద్దు. ఈసరికే తమరు కొత్త గుడ్లగూబ కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటే, తమకు ఒక విచారకరమైన వార్త. స్టోరు తాళంచెవి పూలకుండీల మధ్య ఎక్కడో పడిపోయింది. గట్టిగా వెతుకుతున్నాను. సోమవారం పొద్దున్నే దొరుకుతుంది.