మడుగుకు నేను రాసిన మాట

మార్చి 9, 1988
పేపర్లో నా వార్త అచ్చయింది. గోదావరి ఎండినా రేవు కింది మడుగులో నీరుంటుందని, ఎండాకాలం చేపలన్నీ అందులోనే బతుకుతాయని, తొలి వరద దాకా బెస్తవాళ్లు అక్కడ వల వేయరని రాశాను. టౌను పాఠకులకు మడుగంటే తెలియదేమోనని పక్కన 'లోతైన గుంత' అని చేర్చాను.

మార్చి 28
నదుల సంరక్షణ నిధి నుంచి మడుగుకు డబ్బు మంజూరు. రేవులో ముసలి బెస్త లచ్చన్నకు చెప్పాను. వల అల్లుతూ నవ్వాడు — "మడుగుకు పైసలెందుకు సార్? అదేమన్న అడిగిందా?"

ఏప్రిల్ 6
ఆదిలాబాద్. ఇరిగేషన్ ఆఫీసులో మడుగు ఫైలు చూశాను. మొదటి కాగితం నా వార్తే, కత్తిరించి అతికించారు. రెండోది — 'నదిలోని ప్రమాదకరమైన గుంతను బండరాళ్లతో పూడ్చుట.'
విశేషణం వాళ్లది. గుంత నాది.
ఆ డబ్బు కాపలాకు వాడి, మడుగును అలాగే ఉంచవచ్చు కదా అన్నాను. గుమాస్తా ఖాదర్ పాత పరిచయం. "జర సోంచాయించున్రి సార్. గట్టు, పూడిక, రోడ్డు... గీ మూడే పద్దులు. ఊకె ఉంచెటందుకు పద్దు లేదు. పని లేకుంటే బిల్లెట్లయితది?"

ఏప్రిల్ 7
పేపరుకు సవరణ పంపాను. నాలుగు వాక్యాలు.

ఏప్రిల్ 11
రాలేదు. పేపరు కరీంనగర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే సబ్ ఎడిటర్ — "గుంతకు, మడుగుకు సవరణేందయ్యా... జనం నవ్వుతరు."

ఏప్రిల్ 15
పూడిక పని చూసే ఇంజనీరును కలిశాను — "మీరే రాసిన్రు. మళ్ల మీరే వద్దంటున్రు." పని ఎప్పుడో చెప్పలేదు.

ఏప్రిల్ 19
పారే పాయ ఎండి తెగింది. చుట్టూ ఇసుక, నడుమ మడుగు ఒక్కటే. ఫైలులో మాట నాదేనని లచ్చన్నకు చెప్పేశాను. వల పక్కన పెట్టాడు. "గుంతంటే పీనుగును పెట్టేది సార్. గా మాట ఎట్ల వచ్చింది నీకు?" మడుగు వైపు తిరిగి — "పూడిస్తే చేపలు ఏడికి పోతయి? మేమేడికి పోతం?"


ఏప్రిల్ 22
మూడు లారీల రాళ్లు. గట్టు మీద కొత్త బోర్డు — నదీ సంరక్షణ పని.
లచ్చన్న తెప్పను మడుగు నడుమకు తోసుకుపోయి కూర్చున్నాడు. బెస్తవాళ్లు గట్టున నిలబడ్డారు.
మేస్త్రీ పిలుస్తున్నాడు — "ఎంతసేపు కూసుంటవే తాతా? ఆకలైతలేదా?"

ఇంజనీరుకు కబురు పంపాను. మనిషి ఇంకా తిరిగి రాలేదు.
మొదటి లారీ వెనక్కి, నీళ్ల వైపు వస్తోంది. తెప్ప కదల్లేదు.