తలుపు వెనక గోనెసంచి

మార్చి 3

ప్రియమైన శ్రీమతికి,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. అమ్మాయి కాలు విరిగి నువ్వక్కడ సతమతమవుతుంటే, నర్సరీలో పైన్ నారు పసుపెక్కిందని రాయడం ఏం బాగుంటుంది? పోనీ ఫోన్ చేద్దామంటే, అందులో నీ మాట తప్ప నా మాట సాగదు. అంచేత పెన్ను పట్టుకున్నాను.

అయినా సిటీ బస్సు నడిపే పిల్ల ఇంటి మెట్ల మీద జారిపడడం ఏమిటి! దానికి నడక వచ్చిన రోజు నువ్వు నవ్వావు గానీ, నేను అప్పుడే... సరే, అది వేరే కథ.

రెండు వేల మొక్కలూ వేలెడు ఎత్తులో ఆగిపోయాయి. వానలు పడేలోగా ఫారెస్టు రేంజరుగారికి అప్పగించాలి. కిందటేడు చరియ జారి రెండిళ్లను మింగిన బోడికొండ మీద నాటాల్సినవి. మొక్కలు లేవంటే ఆ కొండ కింద కాపురమున్నవాళ్లకి నేను ఏ మొహంతో కనబడను?

నా వైపు లోపం లేదు. మట్టి మూడుసార్లు జల్లించాను, డ్రమ్ములో ఆవిరి పట్టాను, ట్రేలు సబ్బుతో కడిగాను. నువ్వు లేని వీలు చూసుకుని షెడ్డంతా దులిపాను. తలుపు వెనక గోనెసంచిలో బూజు పట్టిన మట్టి ఏదో ఉంటే కాలవలో పారేశాను.

నువ్వు పెట్టిన పేరుతోనే,
నీ సబ్బుదొర

మార్చి 11

ప్రియమైన శ్రీవారికి,

అమ్మాయి కట్టు ఇంకో నెలన్నర ఉంచాలట. మంచం మీంచే నా వంటకి వంకలు పెడుతోంది. అచ్చం మీ పోలికే.

ఆ గోనెసంచి మొత్తం పారేశారా, అడుగున కాస్తయినా మిగిలిందా? ఊరికే అడుగుతున్నాను. సంచి మంచిది.

మందులు వేళకి వేసుకోండి.

మీ
నేను

ఏప్రిల్ 2

ప్రియమైన నీకు,

ఇక్కడ నా కొంప మునుగుతుంటే నీకు సంచి బెంగ! ఎరువు వేశాను. ఇంకా పసుపెక్కాయి. ఒకదాన్ని పీకి చూస్తే వేరు బోసిగా, దారం లేని సూదిలా ఉంది.

నిన్న రేంజరుగారు వచ్చి, "పెద్దాయనా, మీ చేతి చలవ ఏమైంది? వల్ల కాకపోతే చెప్పండి, వేరేచోట చూసుకుంటాం" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. నర్సరీ మూసేస్తున్నానని కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. ఇరవయ్యో తారీఖున వస్తారు, ఇచ్చేస్తాను.

నీ
సబ్బుదొర

ఏప్రిల్ 9

ప్రియమైన శ్రీవారికి,

ముందు జేబులో కాగితం తీసి పొయ్యిలో పెట్టండి. తరవాత కూర్చుని ఇది చదవండి. నిలబడి వద్దు.

మన మొదటి ఏడు నారు కూడా ఇలాగే అయింది, గుర్తుందా? మీరు తిండి మానేశారు. అప్పుడు కంచె పక్కన పెద్ద పైన్ కింద, గింజ రాలి దానంతటదే మొలిచిన పిల్లమొక్క చూశాను. నిగనిగలాడుతోంది. పీకితే వేళ్లకి నూలుపోగుల్లా తెల్లటి బూజు చుట్టుకుని ఉంది. మీరు ఆవిరి పట్టి చంపుతున్నది దీన్నేనేమో అనిపించింది. ఆ మట్టి సంచిలో తెచ్చి ట్రేకి గుప్పెడు కలిపాను. ఏటా కలుపుతూనే ఉన్నాను, ఈ ఏడే ఇక్కడ చిక్కుకుపోయి కుదరలేదు. ఎప్పుడంటారా? మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు. అరగంట పడుతుంది కదండీ మీకు!

ముందే చెప్పొచ్చు కదా అంటారు. నారు తేరుకున్న రోజు మీరు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, "చూశావా, అంతా శుభ్రతే!" అన్నారు. ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

ఆ పెద్ద పైన్ కిందే జానెడు లోతు తవ్వండి. పోగులు కనబడే మట్టే తీయండి. ఆవిరి పట్టొద్దు. మీకు దండం పెడతాను, సబ్బు ముట్టుకోవద్దు.

మీ
దొంగ

జూన్ 28

ప్రియమైన దొంగకి,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తరవాత కూర్చోవలసి వచ్చింది. మూడు రోజులు నీ మీద కోపం, నాలుగో రోజు నా మీద. అయిదో రోజు గునపం తీశాను. ఇరవయ్యో తారీఖున రేంజరుగారు ఏం తేల్చుకున్నారని అడిగితే, మూసేస్తానన్న కాగితం పొయ్యిలో ఉంది, రెండు నెలలు ఆగండన్నాను.

నా సంగతి తెలుసుగా, లైబ్రరీకి వెళ్లి పుస్తకం కూడా తిరగేశాను. ఆ తెల్లటి పోగులు పుట్టగొడుగు జాతివట. వేరు దూరలేని సందుల్లోకి అవి వెళ్లి నీళ్లూ లవణాలూ తెచ్చిపెడతాయట. చెట్టు తన ఆకుల్లో వండుకున్న తీపిలో వాటికి వాటా పంపుతుందట. ఎవరి చలవతో ఎవరు బతుకుతున్నారో ఆ పుస్తకం రాసినాయన తేల్చలేదు. మన షెడ్డు వరకూ నేను తేల్చగలను గానీ, ఉత్తరంలో రాయను.

నిన్న తేరుకుని పచ్చబడ్డ పదిహేడు వందల మొక్కలు లారీ ఎక్కి బోడికొండకి వెళ్లాయి. రెండు వందల చిల్లర చచ్చిపోయాయి. వాటి పాపం సబ్బుది.

"కిటుకేమిటి పెద్దాయనా?" అన్నారు రేంజరుగారు.

"శుభ్రత" అని నోటిదాకా వచ్చింది. "మా ఆవిడ" అన్నాను.

"ఆవిడ ఊళ్లో లేరు కదా!"

"అందుకే కదండీ ఇంత పనైంది."

అమ్మాయి కర్ర లేకుండా నడుస్తోందని రాశావు. దాన్ని మెట్లు చూసుకుని దిగమను. నువ్వు బయల్దేరు. తలుపు వెనక కొత్త గోనెసంచి పెట్టాను.

నీ
సబ్బుదొర

తా.క. మిగిలిన ట్రేల్లో ఒకదాంట్లో ఈ పొద్దున పుట్టగొడుగు లేచింది. పీకలేదు.