పావుగంటన్న దారి

ఆల్టా, గురువారం

రాగ్నా, నేను క్షేమమే, కంగారుపడకు. కానీ తమ్ముడు హిల్మార్‌ను మట్టి చేసే వేళకు అందలేకపోయాను.

"పడవలో నాలుగు గంటలు ఎందుకు మామయ్యా? బెర్లెవోగ్ నుంచి మేహామ్‌కు గాలిలో నలభై ఏడు కిలోమీటర్లే. పావుగంట! పాస్టరు కంటే మీరే ముందుంటారు" అన్నాడుగా నీ ముద్దుల అల్లుడు టెర్యె. నోరు లేనివాణ్ని, తలూపాను. మేహామ్ మీద మూడు చుట్లు తిరిగాం. "రన్‌వే పొగమంచులో మునిగిపోయింది తాతగారూ, ఆల్టాకి పోతున్నాం" అంది విమానంలో పిల్ల. కింద రేవు బయట సముద్రం మాత్రం నూనె పోసినట్టు అల లేకుండా ఉంది. ఆ పొగమంచులో నేను కళ్లు మూసుకుని పడవ నడిపేవాణ్ని! రెండు రోజులుగా ఇక్కడే పడి ఉన్నాను.

మరదలు సిగ్నె ఫోనులో చెప్పింది. శవపేటిక ముందు కుడి మూల పడవలో తోడున్నవాడే పట్టాలి కదా. ముప్పై ఏళ్లు వాడితో వల లాగింది నేను. చర్చి గుమ్మంలో అరగంట నాకోసం ఆగి, చివరికి కిరాణా కొట్టతను పట్టాడట. వల ముట్టి ఎరగడు ఆ మనిషి!

దండేల మీద ఎండబెట్టిన చేపలు దింపారా? కుంటి గొర్రె మేస్తోందా? నేను ఓడలో వస్తున్నాను. టెర్యెను విమానాశ్రయానికి పోవద్దను, మన పడవకు డీజిల్ పోయించి ఉంచమను. సిగ్నెకు నువ్వేమీ రాయకు. నేనే పడవలో మేహామ్ పోయి చెప్పుకుంటాను. ముందు వాడికి, తర్వాత ఆమెకు.

పిల్లలు చల్లగా ఉండాలి.

ఎడ్విన్