మూడో షెడ్డులో మొగ్గలు

నీకు ఆశీస్సులు. ఇక్కడ నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ పిల్లలూ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని చదివి నెమ్మదించాను. చిన్నదానికి దగ్గు తగ్గిందన్నావు కదా, ఇక మందు ఆపెయ్యి. కుట్టుమిషను బెల్టు తెగిందన్నావు. పాతదాని పొడవు కొలిచి రాయి, ఇక్కడ దొరుకుతుంది.

మీ తమ్ముడి గురించి రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ దాటేశాను. ఈ మూడో ఉత్తరంలో, ఐదేళ్లు ఇక్కడి నర్సరీలో నీళ్లు పట్టినవాడు, ఇంటికొచ్చాక పెరట్లో మొక్కకు చెంబెడు నీళ్లు కూడా పొయ్యటంలేదనీ, అడిగితే "నా చెయ్యి మంచిది కాదక్కా, దీన్నీ చంపుతాను" అన్నాడనీ రాశావు. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను.

జరిగింది ఇది. ఆర్కిడ్ మొక్క కాడ వేశాక పువ్వు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా నీళ్లు ఎక్కువైనా, తక్కువైనా, చలిగాలి కొట్టినా మొగ్గ పసుపెక్కి రాలిపోతుంది. మూడో షెడ్డులో నాలుగు వరసలు అలాగే రాలాయి. యజమాని వచ్చి "నీళ్లెవరు పట్టారు?" అన్నాడు. ఆ షెడ్డు మేస్త్రీని నేను. నా పక్కనున్న మీ తమ్ముడు "నేనేనండీ" అన్నాడు.

"మొక్కలనుకున్నావా, గేదెలనుకున్నావా? కడిగి పారేశావు కదరా!" అని అందరి ముందూ తిట్టి, ఆ పూటే పంపేశాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

తప్పు నీళ్లది కాదు. వెచ్చగా ఉంటే తొందరగా పండుతాయని, పనివాళ్లం మధ్యాహ్నం తినడానికి రెండు పచ్చి అరటిగెలలు ఆ షెడ్డులోనే మొక్కల బల్లల కింద గోనె కప్పి పెట్టాను. పెట్టింది నేనే. పండే కాయ వదిలే గాలి ఆర్కిడ్ మొగ్గకు విషం. పనిలో చేరిన కొత్తలోనే నాకు చెప్పారు. రెండు గెలలకు ఏమవుతుందిలే అనుకున్నాను. వాడు వెళ్లిన సాయంత్రం గెలలు తీసేశాను. నోరు మాత్రం తెరవలేదు.

నీళ్లకు కొత్తవాడు వచ్చాడు. మిగిలిన మొగ్గలన్నీ చక్కగా విచ్చాయి. "చూశారా, మనిషి మారగానే ఎలా పూశాయో" అని అందరూ అంటున్నారు.

నీ ఉత్తరం అందిన రోజే యజమాని దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వాడు. "బావమరిది కోసం బాగానే అల్లావయ్యా. ఇంటావిడ గట్టిగా వాయించిందా?" అన్నాడు. ఒట్టేసినా వినలేదు. అబద్ధం ఆడకుండానే నమ్మించాను, నిజం చెప్పి నమ్మించలేకపోయాను.

మొగ్గలున్న కుండీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. గదిలో ఒక పెట్టెలో అరటిపళ్ల పక్కన మూసి పెట్టాను. నీళ్లు మీ తమ్ముడు పట్టే కొలతే పోస్తున్నాను. ఇవాళ మూడో రోజు. ఒక మొగ్గ తొడిమ దగ్గర పసుపు తిరిగినట్టుంది. నా కళ్లకే అలా అనిపిస్తోందో ఏమో. మొగ్గ నిలవాలని పదిహేనేళ్లు చూసినవాణ్ణి, ఇప్పుడు ఇది రాలితే చాలునని దాని ఎదుట కూర్చున్నాను. పనికి కూడా పోలేదు.

యజమాని నమ్మినా నమ్మకపోయినా ఈ ఉత్తరం దాచకు. వాణ్ణి కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించు. నన్ను ఏమన్నా అననీ. నువ్వు అడ్డు పడకు.

ఇట్లు,
వాడి బావ