సాంచ బంద్

గోడాదరా, సూరత్
7 జూన్ 2020

ప్రియమైన బాపుకు,

బక్కయ్య మామ లారీ రేపు నూలుతోటి సిరిసిల్లకు పోతున్నది. అందుకే రాస్తున్న. ఫోన్‌ల నేను మొత్తుకునుడు, నువ్వు "ఆఁ? ఏంది?" అనుడు, అమ్మ నీ చెవుల మళ్ల ఒర్లుడు, గల్లీ అంత వినుడు. దానికంటె ఉత్తరమే నయం. నన్ను మునిసిపల్ తెలుగు బడిల ఏసినందుకు ఇన్నేండ్లకు అక్కెరకొచ్చింది.

ఇక్కడ లాక్‌డౌన్ అయినంక మరమగ్గాల ఖాతలు సగం తెరిచిండ్రు. సాంచలున్నయి, నడిపేటోళ్లు లేరు. చప్పుడు లేక నాకు నిద్ర పడుతలేదు.

మన తాపీ షటిల్స్ హాకీ జట్టు ముచ్చట ఒకటున్నది. కోచ్ గుర్మీత్ సర్ జలంధర్ నుంచి ఇగ రాడట. నిన్న జట్టు ఓనర్ మగన్ శేఠ్ నన్ను రింక్‌కు పిలిచిండు. ఆఫీస్ గోడ మీద కోచ్‌ల ఫోటోలు దుమ్ము పట్టి ఉంటే తుడిచిన. మొదలు నీది, ఖాత బనీను మీద, మెడల ఊదే సీటి ఏసుకొని. పక్కన అడాజన్ పటేల్ సర్, టై కట్టుకొని. ఆ పక్కన గుర్మీత్ సర్, లద్దాఖ్‌ల మంచు మీద హాకీ ఆడిన మిలిటరీ ఫోటో. మనోళ్లు సిమెంటు మీద చక్రాల బూట్లతోటి ఆడుడు చూసి, "ఇది మంచు కాదు, కానీ పడితే నొప్పి ఒక్కటే" అనేటోడు కదా. నాలుగో మొల కొట్టే ఉన్నది. దానికి ఫోటో లేదు.

"సంధ్యా బేన్, ఎవలన్న దొరికేదాక జట్టును నువ్వు చూస్కో" అన్నడు శేఠ్.

"చూస్కునుడంటె ఏంది శేఠ్? హెడ్ కోచ్‌నా?" అన్న.

"అరే, కామ్ కరో నా" అని నవ్విండు.

నీకు కోపమొస్తదని తెలుసు. ఆనాడు ఫైనల్ల రెఫరీ సీటి నీకు వినపడక పిలగాళ్లను ఆపకపోయినవు. అందరి ముందట శేఠ్ "చెవిటోడు కోచేంది" అని తీసేసిండు. తెల్లారి నువ్వు ఏం కానట్టే ఖాతకు పోయి సాంచ కాడ నిలబడ్డవు. నేను మర్వలే. అయినా ఒప్పుకున్న బాపూ. గుర్మీత్ సర్ పక్కన అసిస్టెంటుగ ఇన్నేండ్లు నిలబడ్డది కోన్లు పేర్చుటానికి కాదు.

అమ్మకు చెప్పు, మామిడికాయ తొక్కు అడుగుకొచ్చింది.

ఇక్కడ్నే ఉన్న నీ బిడ్డ,
సంధ్య


సిరిసిల్ల
2 జూలై 2020

బంగారం బిడ్డ సంధ్యకు,

ఉత్తరం అందింది. మేం మంచిగనే ఉన్నం. వానలు పడ్డయి. మీ అమ్మ పోశమ్మ బీడీలు చేస్తున్నది. నాకు పని లేదు. ఇక్కడి సాంచలు గూడ బందే ఉన్నయి. నాకు చప్పుడు ఉన్నా లేకున్నా ఒక్కటే కాబట్టి నిద్ర పడుతున్నది.

శేఠ్ 'చూస్కో' అన్నడని రాసినవు. బర్రెను చూస్కుంటరు. ఇల్లు చూస్కుంటరు. జట్టును నడిపిస్తరు. హెడ్ కోచ్ అన్న మాట ఆయన ఇంట్లకెల్లి బయటికొచ్చేదాక నువ్వు ఒప్పుకోకుంట ఉండాల్సింది. ఒప్పుకున్నవు. ఇగ ఇడిచిపెట్టకు.

మూతికి గుడ్డ కట్టుకొని ఎట్ల ఒర్లుతవు? చేతులు వాడు. సాంచల చప్పుడుల మేం మాట్లాడుకునే చేతులు. చిటికెనవేలు చూపితే కండె మీద నూలు అయిపోయింది. ఆటల దాన్ని నేను, అలసినోడిని మార్చు అన్నట్టు వాడిన. రెండు వేళ్లు రాస్తే పోగు తెగింది. అంటె మన ఆటగాళ్ల నడుమ సందు పడ్డది, కలుపుకోండ్రి అని. పిడికిలి నెత్తి మీద పెడితే సాంచ బంద్. అది పెట్టినంక ఎవడూ కదలొద్దు, ఏం మునిగిపోయినా సరే.

పటేల్ సర్ వచ్చి ఇది కూలోళ్ల భాష అని మాన్పిచ్చిండు. నీకు మాత్రం మాటలకంటె ముందు అదే వచ్చింది. అన్నం అయిపోతే చిటికెనవేలు చూపేదానివి.

తొక్కు పంపుతున్నం. బక్కయ్య తోవల సగం తినకుంట మూత గట్టిగ బిగిచ్చిన.

చెవులు పోయినా చేతులున్న మీ బాపు,
దశరథం


గోడాదరా
19 డిసెంబర్ 2020

ప్రియమైన బాపుకు,

బక్కయ్య మామ మూత తీసిండు. తొక్కు సగమే చేరింది. "రోడ్డు మీద గుంతలకు ఒలికింది" అన్నడు, మూతి తుడుసుకుంట.

రింక్ తెరిచిండ్రు. ఫిబ్రవరిల మిల్లు ఓనర్ల లీగ్ ఉన్నది. జనం ఉండరు, కుర్చీలల్ల ఓనర్లు మాత్రమే కూసుంటరు. మ్యాచ్ ఫోన్లల్ల లైవ్ వస్తది.

ఆటగాళ్లు ఒక్కొక్కలే తిరిగొచ్చిండ్రు. మనోళ్లు సగం, ఒడియా వాళ్లు కొందరు, మరాఠీ వాళ్లు కొందరు. మాస్కులల్ల ఎవడి మాట ఎవడికి తెలువలే. నీ చేతుల భాష తీసిన. అందరు ఎప్పుడో ఒకప్పుడు ఖాతల నిలబడ్డోళ్లే కదా, ఒక్క పూటల అందుకున్నరు. మొదటిరోజు పిడికిలి పెడితే శివకృష్ణ ఆగలేక పోయి గోడకు గుద్దుకున్నడు. వాడే ఇప్పుడు మా గోల్‌కీపర్, కెప్టెన్ గూడ. "అక్కా, నీ పిడికిలి చూస్తే మా అమ్మ చీపురు యాదికొస్తది" అంటడు.

పొద్దుగాల పాండేసర మిల్లులల్ల షిఫ్టు దిగినోళ్లు సైకిళ్లు ఆపి కిటికీలకెల్లి చూస్తున్నరు. జట్టు నిలబడ్డది బాపూ. గుర్మీత్ సర్ ఉన్నప్పటికంటె తక్కువేం లేదు. ఇది నేను నిలబెట్టిన జట్టు. గొప్పకు చెప్తలే, ఉన్నమాట.

ఒక సంగతి ఉన్నది. మొన్న మేనేజర్ రాజ్‌కిరణ్ వచ్చిండు. అడాజన్ల ఉండే ఆ బ్యాంకాయన కొడుకు, ఆంధ్ర తెలుగు మాట్లాడుతడు చూడు. "మేడమ్, మీరు ఫీలవ్వకండి" అని మొదలువెట్టిండు. వేరే జట్ల ఓనర్లు ఆడమనిషి హెడ్ కోచ్ ఏందని శేఠ్‌ను చూసి నవ్వుతున్నరట. దానికి శేఠ్ ఒక ఉపాయం ఆలోచించిండట. ఆ ఉపాయం నాకు కాగితం మీద పెట్టబుద్ధి అయితలేదు.

నువ్వు మళ్ల కోచ్‌వు అయితే ఎట్లుంటది బాపూ? ఉత్తగనే అడుగుతున్న.

జవాబు కోసం ఎదురుచూసే
సంధ్య


సిరిసిల్ల
10 జనవరి 2021

బిడ్డ సంధ్యకు,

నువ్వు ఉత్తగ అడగలేదని తెలిసింది. మొన్న మీ రాజ్‌కిరణ్ కారేసుకొని ఇంటికొచ్చిండు. నాకు శాలువా కప్పిండు. వాకిట్ల నిలబడి గట్టిగ మాట్లాడిండు. నాకు తప్ప వాడకంత వినపడ్డది. నాకు మీ అమ్మ చెప్పింది.

"సర్, మీరే మళ్ళీ హెడ్ కోచ్. సూరత్ రానక్కర్లేదు. పనంతా సంధ్య గారు చూసుకుంటారు. పేరు మాత్రం మీది" అన్నడట.

జాకెట్ ఒకటి ఇచ్చిండు. నీలంది. వీపు మీద పెద్ద అక్షరాలతోటి హెడ్ కోచ్ అని కుట్టి ఉన్నది. మీ అమ్మ ఏసుకో అంటే ఏసుకున్న. రాజ్‌కిరణ్ ఫోటో తీసుకున్నడు. నాకు మస్తు వదులైంది. అయినా తీసుకున్న. మంచి బట్ట, కుట్టు గట్టిగ ఉన్నది.

నువ్వు ఆట మీద మనసు పెట్టు. జాకెట్ సంగతి నాకు ఇడిచిపెట్టు.

ఇగ చలి ఎక్కువున్నది. ఉంట.

మీ బాపు,
దశరథం


గోడాదరా
30 జనవరి 2021

బాపూ,

ప్రియమైన అని రాద్దామని కూసున్న. చెయ్యి రాలే.

రాజ్‌కిరణ్ నీ ఫోటో అందరి ఫోన్లకు పంపిండు. శాలువా, జాకెట్, ఎనక మన ఇంటి తలుపు. ఆఫీసుల నాలుగో మొలకు తగిలియ్యటానికి అదే ఫ్రేము కట్టిస్తున్నరు. ఒక్క గోడ మీద నీ ఫోటోలు రెండు.

అప్పుడు చెవిటోడని నిన్ను తీసేసిండు. ఇప్పుడు చెవిటోడని పెట్టుకుంటున్నడు. నువ్వు ఏం వినవు, ఏం అడగవు, ఆడికెల్లి రావు. అసొంటి కోచ్ ఎవలికి చేదు? ఇది నీకు అర్థం కాలేదా? అర్థమై గూడ జాకెట్ తీసుకున్నవా?

నీకు అన్యాయం జరిగింది. అది నాకు ఎవ్వలు చెప్పనక్కర లేదు. దాన్ని సరిచేస్తానికి నా పేరు కోస్తె సరి అయితదా? నీ పేరు నాకు ఇంటిపేరు లెక్క ఎప్పుడూ ఉంటది. దాని కింద దాసుకొని మాత్రం పని చెయ్య.

శివకృష్ణ గూడ "బాపు పేరే కదా అక్కా, ఏమైతది" అన్నడు.

"నువ్వు ఆపిన గోలు మీ నాయిన ఆపిండని మైకుల చెప్తే ఊకుంటవారా?" అన్న.

"మా నాయిన బస్సు గూడ ఆపలేడు" అన్నడు. ఇగ మళ్ల ఆ మాట ఎత్తలే.

ఏడో తారీకు మొదటి మ్యాచ్. ఆటకు ముందు మైకుల కోచ్ పేరు చదువుతరు. నీ పేరు చదివితే నేను పిడికిలి నెత్తి మీద పెడత. నువ్వు నేర్పిందే. జట్టుకు ముందే చెప్పిన. శేఠ్ తీసేస్తే తీసేస్తడు. ఈ రింక్ కాకుంటే గోడాదరాల కార్లు ఆపే జాగల నేర్పుత.

నీకు కోపమొస్తే రానియ్యి. నాకూ వచ్చింది.

సంధ్య


సిరిసిల్ల
4 ఫిబ్రవరి 2021

నన్ను తిట్టిన నా బిడ్డకు,

ఉత్తరం మీ అమ్మ గూడ సదివింది. "నీ నోరే వచ్చింది దానికి" అన్నది. నాకు నోరెక్కడిది, నేను తక్కువ మాట్లాడుత అన్న. "గందుకే అంత దానికి పోయింది" అన్నది.

నువ్వు అన్ని అడిగినవు గాని, రాజ్‌కిరణ్‌కు నేను ఏం జవాబు చెప్పిన్నో అడగలే. "సర్, మీకు ఓకేనా?" అన్నడు. చెవి కాడ చెయ్యి పెట్టి "వినపడలే బాబూ" అన్న. మళ్ల అడిగిండు. వినపడలే అన్న. మీ అమ్మ చెప్పబోతే కాలు తొక్కిన. ఆయన చెమటలు తుడుసుకొని, ఫోటో తీసుకొని పోయిండు. నేను ఔననలే. చెవిటోడు అని ఊరంత చాటిచ్చినోళ్లు చెవిటోడు విని ఒప్పుకున్నడని అనుకోవద్దు కదా.

జాకెట్ ఎందుకు తీసుకున్ననంటే, ఆ మాట శేఠ్ ఇంట్లకెల్లి బయటికొచ్చింది. బట్ట మీద దారంతోటి కుట్టి వచ్చింది. వచ్చినదాన్ని ఎనక్కి పంపుతనా?

జాకెట్ పక్క కుట్లు నేను విప్పిన. నువ్వు ఇక్కడ ఇడిచిపోయిన పాత రవిక కొలత పెట్టి మీ అమ్మ కుట్టింది. బక్కయ్య చేతికిస్తున్న. ఏడో తారీకు లోపల చేరాలె. ముందే చెప్పకపోయింది ఎందుకంటే, చేతిల పెట్టినంక చెప్పుడు నాకు అలవాటు.

పిడికిలి పెడితే పూరాగ పెట్టు. సగం లేపి దించితే సాంచ ఆగదు, పోగులు తెగుతయి.

మీ బాపు,
దశరథం


గోడాదరా
12 ఫిబ్రవరి 2021

ప్రియమైన బాపుకు,

బక్కయ్య మామ లారీ ధూలే కాడ టైరు పగిలి ఆగిపోయిందట. నీ ఉత్తరం, జాకెట్ తొమ్మిదో తారీకు చేరినయి. అప్పటికి మ్యాచ్ అయిపోయింది. నువ్వు నన్ను అమ్ముకున్నవనే అనుకొని నేను బరిల నిలబడ్డ. అది గూడ రాస్తున్న, దాసి ఫాయిదా లేదు.

మైకుల "హెడ్ కోచ్, దశరథం" అన్నరు. పిడికిలి నెత్తి మీద పెట్టిన. మనోళ్లు అందరు ఎక్కడోళ్లు అక్కడ ఆగిండ్రు. స్టిక్కులు కింద పెట్టిండ్రు. ఆట మొదలని రెఫరీ సీటి ఊదిండు. ఎవ్వలు కదల్లే. ఎదుటి జట్టు వాళ్లు జర సేపు మా దిక్కు చూసి, బంతి కొట్టుకుంట వచ్చి గోలు ఏసుకున్నరు. శివకృష్ణ తర్వాత అన్నడు, "అక్కా, బంతి నా కాళ్ల నడుమకెల్లి పోతుంటే చూసుకుంట నిలబడ్డ. జిందగీల ఇంత కష్టపడలే."

రాజ్‌కిరణ్ ఉరికొచ్చిండు. "మేడమ్, లైవ్ పోతోంది, ప్లీజ్!" అన్నడు. నేను ఆయన దిక్కు చూడలే. శేఠ్ కుర్చీ ఇడిచి లేచొచ్చిండు.

"యే క్యా హై?"

"సాంచ బంద్, శేఠ్. మీ ఖాతలనే నేర్చుకున్నం."

ఆయనకు ఆ చెయ్యి తెలువదా? వాళ్ల నాయిన ఖాతల తిరిగి పెరిగినోడే. ఆటగాళ్లను చూసిండు, పక్క కుర్చీల ఓనర్లను చూసిండు. వాళ్లు ఇప్పుడు నవ్వుతలేరు. మైకు ఆయననే తీసుకున్నడు. "హెడ్ కోచ్, సంధ్యా బేన్" అన్నడు, చేదు మందు మింగినట్టు. మాస్కుల సరిగ వినపడలే.

"వినపడలే శేఠ్" అన్న.

మళ్ల చదివిండు. అప్పుడు చెయ్యి దించిన. బాపూ, నువ్వు అదే మాట అన్నవని అప్పటికి నాకు తెలువదు.

మూడు రెండుతోటి ఓడిపోయినం. ఆ నిలబడి ఇచ్చిన గోలుతోనే ఓడినం. ఓడింది నా జట్టు. ఫోన్లల్ల తిట్లు నా పేరు మీదనే పడ్డయి, నీ పేరు మీద ఒక్కటి గూడ పడలే. సదువుకుంట కూసున్న.

"లీగ్ అయినంక నీ సంగతి చూస్త" అన్నడు శేఠ్. "చూస్కోండ్రి" అన్న. నిన్న రెండో మ్యాచ్ గెలిచినం. నీ రెండో ఫోటో ఫ్రేము టేబుల్ మీదనే ఉన్నది, ఎవ్వలు తగిలియ్యలే. నేను ఇంటికి తెచ్చుకుంట. నా ఫోటో కోసం ఆ మొల ఎదురుచూస్తే చూడనియ్యి, నేను చూస్తలేను.

నిన్న జాకెట్ ఏసుకొని పోయిన. అమ్మకు చెప్పు, పాత కొలత పెట్టింది. భుజాల కాడ బిగుసుకున్నది. చెయ్యి నెత్తి మీదికి లేస్తలేదు. ఆటకు ముందే ఆ కుట్లు విప్పిన.

నీ బిడ్డ,
హెడ్ కోచ్ సంధ్య