చెత్తబుట్టలో నెల రోజులు

మెరిడిత్ అక్కకు,

మీరు సిడ్నీ వెళ్ళిపోయాక ఇక్కడ ఆర్ట్ సెంటర్ పనులు నేనే చూస్తున్నాను. మిమ్మల్ని ఒక్క సంగతి అడగాలి.

మా పెద్దమ్మ కొడుకు పోయినప్పుడు పెద్దవాళ్ళు సరేననేదాకా అతని బొమ్మ మా కంట, గొంతు మా చెవిన పడకూడదన్నాం. అది మా ఆదివాసుల ఆచారమని మీకూ తెలుసు. ఎలాగూ సెంటర్ ల్యాప్‌టాప్ నిండిపోయిందని, అతను పాడగా అందులో రికార్డు చేసిన పాటలన్నీ మీరే తీసేశారు. "ఇక్కడ చెరిపితే ఏం కాదు, క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయి" అన్నారు.

నిన్నటితో రెండేళ్ళు నిండాయి. ఇక వినొచ్చని పెద్దవాళ్ళు చెప్పారు. ఈ పొద్దున్నే పెద్దమ్మ వచ్చి, "ఇంక పెట్టవే వాడి పాట" అంది.

ఎంత వెతికినా దొరకలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేశాను. ల్యాప్‌టాప్‌లో చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతాయట. చెత్తబుట్టలో నెల రోజులు ఉంచి, తర్వాత పారేస్తుందట. నెలలో తీరిపోయే దుఃఖం ఎవరిదో నాకు తెలియదు, మాది మాత్రం కాదు.

మీరు మంచికే చేశారు, కాదనను. మీ దగ్గర ఒక్క పాటైనా మిగిలిందేమో చూడండి.

నెట్ నెమ్మదిగా ఉందని పెద్దమ్మకు చెప్పాను. "రెండేళ్ళు ఆగినదాన్ని, ఇంకాసేపు ఆగలేనా" అంటూ వరండాలో కూర్చుంది.